మాస్టారు చెరిపెయ్యడం మరిచిన వరుస

మొన్న శుక్రవారం పొద్దున్న సైన్సు మాస్టారు పోయారని ఫోన్ వచ్చింది. చేసింది ఆయన కోడలు. "మావయ్యగారు నిద్రలోనే వెళ్ళిపోయారండీ టీచరు గారూ. మీ నంబరు గోడ మీద రాసి పెట్టుకున్నారు, అందుకని చేశాను" అంది. నేను రాజమండ్రిలో మా వంటింట్లో ఉన్నాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పొయ్యి కట్టేసి, చీర మార్చుకుని, పిఠాపురం బస్సెక్కాను. నేను చేరేసరికి అంతా అయిపోయింది. వీధరుగు మీద నలుగురు కూర్చుని ఆయన గురించి మాట్లాడుకుంటున్నారు. మంచివాడు, నెమ్మదస్తుడు, ఒకరి జోలికి పోయేవాడు కాదు అంటున్నారు. అన్నీ నిజమే. కానీ ఆ మాటలు పోయినవాళ్ళలో ఎవరి గురించైనా చెప్పుకోవచ్చు. ఆయన గురించి మాత్రమే చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. అందులో నా గొంతు కూడా ఉంది కాబట్టి నేనే చెప్పాలి.

మా బడి సముద్రం ఒడ్డున. గేటు దగ్గర నిలబడితే కెరటాల చప్పుడు వినిపించేది. ఆయన పిఠాపురం నుంచి రోజూ మొదటి బస్సులో వచ్చేవారు. నేను తెలుగు చెప్పేదాన్ని. పదకొండేళ్ళు ఒకే స్టాఫ్ రూములో ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నాం. సుద్దముక్కని సగానికి విరిచి రాసేవారు, నిండు ముక్క బోర్డు మీద కీచుమంటుందని. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే ఎప్పుడూ పెరుగన్నం, ఒక మాగాయ ముక్క. పిల్లలెవరైనా లెక్క తప్పు చేస్తే పేజీ అంతా కొట్టేసేవారు కాదు. "ఇక్కడిదాకా బాగానే వచ్చావమ్మా. ఇదిగో, ఇక్కడ జారావు" అని ఆ వరుస పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెట్టేవారు. అంతకుముందు నేను ఎర్రసిరాతో అడ్డంగా గీతలు లాగేదాన్ని. ఆ చుక్కలు చూశాక కొంత తగ్గించాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. పట్నంలోని ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు మా లైబ్రరీ పక్కగదిలో ఒక కంప్యూటరు, ప్రింటరు, ఫోను తీగకి తగిలించే మోడెం పెట్టి వెళ్ళారు. రేపు సముద్రం మీద గాలి ఎలా ఉంటుంది, కెరటం ఎంత లేస్తుంది అనే సూచన వాళ్ళ సర్వర్లో, అంటే పట్నంలో ఉన్న వాళ్ళ పెద్ద కంప్యూటర్లో, ఊరికొక పేజీగా ఉండేది. రోజూ మధ్యాహ్నం మూడు గంటలకి ఆ పేజీ తెరిచి, కాయితం మీద అచ్చు తీసి, చేపల వేలం షెడ్డు మీదున్న మైకులో చదవాలి. కంప్యూటరు మాస్టారి పని, చదవడం నా పని. "నేను చదివితే పాఠం చెప్పినట్టుంటుందండీ, నిద్రపోతారు. మీరైతే మాట్లాడినట్టుంటుంది" అన్నారాయన.

మొదట్లో ఎవరూ వినలేదు. "మబ్బు చెప్పనిది పెట్టె చెబుద్దా టీచరమ్మా?" అని ఒక ముసలాయన నవ్వాడు. చెప్పిన గాలి చెప్పిన పూట రావడం ఒకసారి చూశారు, రెండోసారి చూశారు. ఏడాది తిరిగేసరికి మూడయ్యేటప్పటికి షెడ్డు కింద జనం నిలబడేవారు. వలలు బాగుచేసుకుంటున్న చేతులు ఆగేవి. నేను చదివినంతసేపూ ఎవరూ మాట్లాడేవారు కాదు. బళ్ళో ఏ పద్యానికీ నాకు అంత నిశ్శబ్దం దొరకలేదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం మొదటిసారి పేజీ తెరుచుకోలేదు. మోడెం కూతలు కూసింది, లైను కలిసింది, కానీ తెర మీద ఆ పేరుతో ఏ హోస్టూ, అంటే ఏ కంప్యూటరూ, దొరకలేదని ఇంగ్లీషులో వచ్చింది. రెండోసారీ అదే.

"సర్వరు పాడైపోయి ఉంటుంది మాస్టారూ. ఈ పూటకి లేదని చెప్పేస్తాను" అన్నాను.

"ఉండండి. ముందు ఏది పనిచేస్తోందో చూద్దాం. చెడిందేదో అదే బయటపడుతుంది."

ఆయన దగ్గర పాత ల్యాబు రికార్డు పుస్తకం ఒకటుండేది. కంప్యూటరు బిగించిన రోజున ఇంజనీరు కొట్టిన ప్రతి ఆదేశమూ, తెర మీద వచ్చిన ప్రతి జవాబూ అందులో రాసుకున్నారు. ఆ రోజు వచ్చిన జవాబుల్లో సర్వరు పేరు పక్కన ఒక పెద్ద అంకె కూడా ఉంది. మధ్యలో చుక్కలతో, నాలుగు ముక్కలుగా. అప్పుడు ఎందుకు రాసుకున్నారో ఆయనకే తెలియదు.

"కంప్యూటర్లకి పేర్లు అక్కర్లేదండీ, అంకెలు కావాలి. పేర్లు మన కోసం. మనం పేరు కొడితే, మనకి ఇంటర్నెట్టు ఇచ్చేవాళ్ళ దగ్గర ఒక కంప్యూటరు దాని అంకె చెబుతుంది. అప్పుడు ఆ అంకె దగ్గరికి వెళ్తాం" అంటూ నల్లటి తెర తెరిచి, సర్వరు పలుకుతోందో లేదో చూసే 'పింగ్' అనే ఆదేశాన్ని పేరుతో కొట్టారు. జవాబు లేదు. పుస్తకం చూసి అంకెతో కొట్టారు. టకటకా నాలుగు వరుసల జవాబు వచ్చింది.

"చూశారా, పలికింది! సర్వరు బానే ఉంది, దారీ బానే ఉంది. పేరుకి అంకె చెప్పేవాడే పలకట్లేదు. అంతే."

పేరు కొట్టవలసిన చోట ఆ అంకె కొట్టారు. పేజీ వచ్చింది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా చదివాను. షెడ్డు కింద అందరూ ఇంకా నిలబడే ఉన్నారు.

ఆ చిక్కు కొన్ని వారాలు వస్తూ పోతూ ఉంది. మాస్టారు సెలవు పెట్టిన రోజున నేను కూర్చుంటే, అన్ని అంకెల్లో ఒకటైనా తప్పు కొట్టేదాన్ని. ఆయన ఆలోచించి ఒక ఉపాయం పట్టుకొచ్చారు. మన కంప్యూటర్లోనే 'హోస్ట్స్' అనే చిన్న ఫైలు ఉంటుందట. ఫలానా పేరుకి ఫలానా అంకె అని అందులో ఒక వరుస రాసి పెట్టుకుంటే, ఇక బయట ఎవరినీ అడక్కుండా నేరుగా ఆ అంకెకే వెళ్తుందట. రాశారు. రెండు రోజులు పని చెయ్యలేదు. మూడో రోజున కనిపెట్టారు, భద్రపరిచేటప్పుడు కంప్యూటరు ఆ ఫైలు పేరు చివర తనంతట తాను మూడు అక్షరాల తోక తగిలించింది, దాంతో ఆ ఫైలుని గుర్తుపట్టలేదు. తోక తీసేశారు. పేజీ టక్కున వచ్చింది. ఆ రోజు స్టాఫ్ రూములో అందరికీ టీ తెప్పించారు. "ఇంక ఎవరు పలికినా, పలక్కపోయినా మనకి సంబంధం లేదండీ" అన్నారు. ఆయన అంత ధీమాగా మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

తర్వాత బయటి చిక్కు దానంతటదే పోయింది. ఆ వరుస మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది.

ఇక్కడ సత్తెమ్మ గురించి చెప్పాలి. ఆమె భర్తకి బోటుంది. అతను తెచ్చిన చేపల్ని ఆమె పిఠాపురం బజారుకి తీసుకెళ్ళి అమ్మేది. మాస్టారు పొద్దున్న దిగే బస్సే తిరిగి పిఠాపురం వెళ్ళేది కాబట్టి, ఆయన దిగేచోట ఆమె ఎక్కేది. దిగిన మనిషి చేతిసంచీ నేల మీద పెట్టి, నీళ్ళు కారుతున్న ఆమె బుట్టని రెండు చేతులా ఎత్తి బస్సులోకి అందించేవారు. బట్టలు చేపల వాసనేస్తాయని నేనంటే "సబ్బు ఉంది కదండీ" అనేవారు. రోజూ జరిగే పని, ఇద్దరి మధ్యా మాటలేమీ ఉండేవి కావు.

ఏడాదిన్నర గడిచింది. సంస్థ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. సూచనలు పెట్టే పాత యంత్రం తీసి కొత్తది పెడుతున్నామనీ, పేరు మారదు కాబట్టి మీరు చెయ్యవలసిందేమీ లేదనీ అందులో ఉంది. మాస్టారు చదివి, నాకు చదవమని ఇచ్చి, కాయితాల ఫైల్లో గుచ్చారు. ఉత్తరంలో తప్పేమీ లేదు. అంకె మారినా, పేరుతో వెళ్ళేవాళ్ళెవరికీ చెయ్యవలసిందేమీ లేదు. పేరుతో వెళ్ళకుండా అంకెకి కట్టేసుకున్నది మేమొక్కళ్ళమే.

సోమవారం నాడు వాళ్ళు యంత్రం మార్చారు. పాతదాన్ని వెంటనే ఆపలేదు. దాని మీద సోమవారం సూచన అలాగే ఉండిపోయింది. మంగళవారం మేము దాన్నే తెరిచాం. బుధవారమూ దాన్నే తెరిచాం. గాలి తక్కువ, సముద్రం మామూలు. ఆ రోజుల్లో వరసగా అవే మాటలు వస్తుండేవి, నేను సగం కాయితం చూడకుండానే చదివాను. బుధవారం మధ్యాహ్నానికే కొత్త యంత్రం మీద వేరే సూచన ఉంది. మర్నాడు గాలి బాగా పెరుగుతుంది, వేటకి వెళ్ళొద్దు అని. మా ఊరికి ఆ మాట చేరలేదు.

గురువారం తెల్లవారకముందే బోట్లు వెళ్ళాయి. రేడియోలో హెచ్చరిక వచ్చేసరికి అవి కనుచూపు దాటాయి. పది గంటలకి గాలి తిరిగింది. రెండో పీరియడు చెబుతుంటే క్లాసులో కిటికీ తలుపులు కొట్టుకున్నాయి. పిల్లలు పుస్తకాలు వదిలి లేచిపోయారు, సగం మంది తండ్రులు సముద్రం మీదే ఉన్నారు. హెడ్మాస్టారు గారు బడి వదిలేశారు. మాస్టారూ నేనూ ఒడ్డుకి వెళ్ళాం.

ఒక్కో బోటూ వచ్చింది. వచ్చిన బోటుని పదిమంది నీళ్ళలోకి దిగి లాగుతున్నారు. చివరిది సత్తెమ్మ వాళ్ళది. ఒడ్డుకి వంద గజాల్లో కెరటం దాన్ని పక్కకి తిప్పి బోర్లా వేసింది. నలుగురిలో ముగ్గురు ఈదుకుంటూ వచ్చారు. సత్తెమ్మ భర్త కాలు బోటు అంచుకీ ఇంజనుకీ మధ్య ఇరుక్కుంది. విడిపించి తీసుకొచ్చేసరికి మోకాలి కింద ఎముక బయటికి కనిపిస్తోంది. వ్యానులో కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సత్తెమ్మ పిఠాపురం బజార్లోంచి అటే వెళ్ళింది.

"నిన్న బాగుంటుందన్నారు కదండీ" అని ఒకతను నన్ను చూసి అన్నాడు. కోపంగా కాదు, అర్థం కాక అడిగినట్టు.

మాస్టారు అక్కడి నుంచి నేరుగా కంప్యూటరు గదికి నడిచారు. వెనక నేను. ముందు సంస్థకి ఫోన్ చేశారు.

"నిన్న మధ్యాహ్నం మీరు పెట్టిన సూచన ఏంటండీ?... ఎన్ని గంటలకి పెట్టారు?... మీ కొత్త సర్వరు అంకె ఒకసారి చెప్పండి, రాసుకుంటాను."

ఫోన్ పెట్టేసి పేజీ తెరిచారు. పైన ఆ రోజు తేదీయే ఉంది. కింద సముద్రం మామూలుగా ఉంటుందని ఉంది. కిటికీ అవతల సరుగుడు చెట్లు వంగి నేలని తాకుతున్నాయి. పేజీని చివరిదాకా జరిపారు. అట్టడుగున చిన్న అక్షరాల్లో సూచన ఇచ్చిన తేదీ ఉంది. సోమవారంది. పైన కనిపించే తేదీ మా కంప్యూటరు తన గడియారం చూసి వేసుకునేదట. మేము రోజూ చూసుకున్నది దాన్నే.

నల్లతెర తెరిచి సర్వరు పేరుతో పింగ్ కొట్టారు. జవాబు వచ్చింది. జవాబులో ఉన్న అంకెని, కాయితం మీద ఇందాక రాసుకున్న అంకెతో వేలు పెట్టి పోల్చారు. రెండూ వేరు. తర్వాత ఆ చిన్న ఫైలు తెరిచారు. అందులో ఒకే ఒక్క వరుస ఉంది.

"టీచరు గారూ, ఇది నేను రాసిందేనండి" అన్నారు.

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు, కానీ రాయకపోతే ఇదంతా రాయడం అనవసరం. "ఎవరికి తెలుస్తుంది మాస్టారూ? కంప్యూటరు తప్పు చెప్పిందంటే సరిపోతుంది. అది అబద్ధం కూడా కాదు కదా" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "కంప్యూటరు నేను చెప్పినట్టే చేసిందండీ" అన్నారు.

ఆ వరుస చెరిపేశారు. మళ్ళీ పేరుతో పింగ్ కొట్టారు. ఈసారి కొత్త అంకె వచ్చింది. పేజీ తెరిస్తే ఎర్ర అక్షరాలతో హెచ్చరిక కనిపించింది. అచ్చు తీసి నాకిచ్చారు. నేను వెళ్ళి చదివాను. వినడానికి షెడ్డు కింద ఎవరూ లేరు.

మర్నాడు మూడు గంటలకి మైకు ఆయనే తీసుకున్నారు. నేను చదువుతానన్నాను, వద్దన్నారు. ఆ రోజు షెడ్డు కింద ఊరంతా ఉంది. ఆయన కాయితం చూడకుండా మాట్లాడారు.

"నేను సైన్సు మాస్టారినండీ. మంగళవారం, బుధవారం మీకు చదివినవి పాత సూచనలు. ఏడాదిన్నర కిందట, పేజీ రావట్లేదని కంప్యూటర్లో నేనొక వరుస రాశాను. పని అయ్యాక దాన్ని తీసెయ్యాలి. తీసెయ్యలేదు. దానివల్ల అది మీకు పాత యంత్రంలోదే చూపించింది. తెలుగు టీచరు గారు నేనిచ్చిన కాయితం చదివారు, అంతే. తప్పు నాది. ఇప్పుడు ఆ వరుస తీసేశాను. ఈ రోజు సూచన చదువుతాను, ఈ రోజుదే. నమ్మాలో వద్దో మీ ఇష్టం."

చదివి కూర్చున్నారు. మైకు ఆపడం మరిచిపోయారు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు ఊరంతటికీ వినిపించింది.

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండునని నాకనిపించింది. ఒక్కొక్కళ్ళూ లేచి వెళ్ళిపోయారు. పెట్టె చెబుద్దా అని నవ్విన ముసలాయన మాత్రం ఆగి, "మబ్బు చూసుకోటం మానేసి మైకు ఇంటం అలవాటు చేసుకున్నాం మేష్టారూ. అది మా తప్పు" అన్నాడు.

ఆదివారం ఆయన కాకినాడ ఆసుపత్రికి వెళ్ళారు. సత్తెమ్మ వార్డు గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "ఏం చూత్తారు మేష్టారూ వచ్చి? కాలు చూత్తారా?" అందట. ఆయన వరండాలో బల్ల మీద కూర్చుని, చూసే వేళ అయిపోయాక తిరిగి వచ్చేశారు. రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం లోపలి నుంచి భర్తే పిలిచాడు. కాలికి రాడ్డు వేశారు. ఏమన్నాడని అడిగితే మాస్టారు చాలా రోజులు చెప్పలేదు. ఒకసారి తెలుగు, సైన్సు పరీక్షల పేపర్లు పక్కపక్కన కూర్చుని దిద్దుతుంటే, తలెత్తకుండా చెప్పారు. "'పొద్దున్నే మబ్బు చూశానండి, నాకు నచ్చలేదు. మైకులో బాగుందన్నారు కదా అని వెళ్ళాను' అన్నాడండీ." అంతే చెప్పి మళ్ళీ దిద్దుకోసాగారు.

వేలంలో చేపలు కొని మళ్ళీ బజారుకి వెళ్ళసాగిన సత్తెమ్మ, బస్సు దగ్గర ఆయన్ని బుట్ట ముట్టుకోనివ్వలేదు. "చెయ్యెయ్యకండి" అని తనే ఎత్తుకునేది. బరువుకి మెడ నరాలు తేలేవి. ఆయన పక్కకి జరిగి, ఆమె ఎక్కేదాకా నిలబడి, అప్పుడు బడివైపు నడిచేవారు.

మైకు ఆపెయ్యాలా అని ఊళ్ళో మాట్లాడుకున్నారు. ఉంచమనే అన్నారు. మాస్టారు ఒకటి అడిగారు. రోజూ మూడు గంటలకి బోట్లవాళ్ళలో ఎవరో ఒకరు గదిలోకి వచ్చి, పేజీ కింద ఉన్న తేదీ తమ కళ్ళతో చూసుకోవాలి, ఆ తర్వాతే చదువుతాం అని. సరేనన్నారు. నాలుగు రోజులు ఎవరూ రాలేదు. నాలుగు రోజులూ మేము చదవలేదు. "మీరు మరీనండీ" అని నేను విసుక్కున్నాను. అయిదో రోజున గుమ్మంలో సత్తెమ్మ నిలబడి ఉంది. ఖాళీ బుట్ట చంకలో ఉంది.

"ఏదీ, తేదీ చూపించండి" అంది.

ఆమెకి అక్షరాలు రావు, అంకెలు వచ్చు. తెరకి ముఖం ఆనించి, తేదీని ఒక్కో అంకె చొప్పున పైకి చదివింది. గోడ మీద క్యాలెండరు దగ్గరికి వెళ్ళి చూసుకుంది. "ఈ రోజుదే" అని నాతో చెప్పింది, ఆయనతో కాదు. నేను వెళ్ళి చదివాను. ఆ తర్వాత బస్సు దిగగానే ఇంటికి పోకుండా రోజూ వచ్చేది. నమ్మకం కలిగి కాదు, నమ్మకం లేక వచ్చేది. కూర్చోమంటే కూర్చునేది కాదు. గదిలో చేపల వాసన నిలిచిపోయింది. మాస్టారు మాత్రం ఆమె వచ్చేదాకా ప్రింటరు మీద చెయ్యి వేసేవారు కాదు.

మళ్ళీ వానలు మొదలయ్యాక ఒకనాడు తెర మీద ఆ పాత మాటే వచ్చింది. ఆ పేరుతో హోస్టు దొరకలేదని. సత్తెమ్మ నా పక్కనే ఉంది.

"ఏమైంది?" అంది.

ఆయన ఆమెకి అన్నీ పైకి చెబుతూ చేశారు. "లైను ఉందమ్మా, ఇదిగో. ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నాను... పలకలేదు. అంకెతో పిలుస్తున్నాను... పలికింది. అంటే సర్వరు బానే ఉంది. పేరుకి అంకె చెప్పేవాడి దగ్గరే తేడా. ఈ అంకె ఇప్పటిదేనా కాదా, ఫోన్ చేసి కనుక్కుంటాను." సంస్థకి ఫోన్ చేసి అంకె సరిచూసుకున్నారు. అప్పుడు నన్ను చూశారు. ఆ పై వారం ఆయనకి పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ ఉంది, గదిలో కూర్చునేది అంకెలు తప్పు కొట్టే నేనే. ఆ వరుస మళ్ళీ రాయక తప్పదు. రాశారు.

"ఆ వరుసేనా?" అంది సత్తెమ్మ.

"ఆ వరుసే."

ఆమె కొంగు ముడి విప్పి, వల బాగుచేసే ఆకుపచ్చ నైలాను దారం ముక్క ఒకటి తీసింది. కంప్యూటరు తెర మెడకి రెండు చుట్లు చుట్టి ముడివేసింది. "అది తీసిన రోజున ఇది ఇప్పుతాను. అందాకా రోజూ అడుగుతాను" అంది.

తొమ్మిది రోజులు అడిగింది. పదో రోజు ఆ వరుసని పక్కన పెట్టి పిలిస్తే పేరు పలికింది. మాస్టారు ఫైలు తెరిచి, వరుస చెరిపి, ఖాళీగా ఉన్న తెలుపు ఆమెకి చూపించారు. ఆమె ముడి విప్పి, దారం కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఏ తాత్కాలిక పని చేసినా ఆ దారం కట్టడం గదిలో నియమమైపోయింది. తర్వాత వచ్చిన లెక్కల టీచరుకి కూడా మాస్టారు మొదట నేర్పింది అదే. "చెయ్యడం ఎవరైనా చేస్తారమ్మా. చేసినట్టు గుర్తు పెట్టుకోవడమే కష్టం" అని చెప్పేవారు.

బుట్ట సంగతి ఎప్పుడు మారిందో నేను చూడలేదు. ఒకరోజు పొద్దున్న ఆయన స్టాఫ్ రూములోకి వచ్చేసరికి చొక్కా ముందంతా తడిసి, పొలుసులు అంటుకుని ఉంది. "ఏంటండీ అది?" అన్నాను. చూసుకుని, "ఎత్తమందండీ" అన్నారు. ఆ రోజంతా ఆ చొక్కాతోనే పాఠాలు చెప్పారు.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. సూచనలు నేరుగా బోట్లవాళ్ళకే రాసాగాయి. గదిలో కంప్యూటరు మూలపడింది. నాకు రాజమండ్రి బదిలీ అయింది. అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. ఆరోగ్యాలు, పెన్షను కాయితాలు, పాత పిల్లల పెళ్ళిళ్ళు. ఆ గురువారం గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఎవరికి తెలుస్తుందని నేనన్న మాట ఆయన ఎవరితోనూ చెప్పలేదని మాత్రం నాకు తెలుసు. ఇన్నాళ్ళకి నేనే చెప్పుకున్నాను.

ఆయన రిటైరైన రోజున నేను వెళ్ళాను. బళ్ళో సభ అయింది, దండ వేశారు, శాలువా కప్పారు, హెడ్మాస్టారు గారు చాలాసేపు మాట్లాడారు. బయటికి రాగానే సత్తెమ్మ భర్త ఎదురుగా నిలబడి ఉన్నాడు. కాలు కొంచెం ఈడుస్తాడు, కానీ మళ్ళీ వేటకి వెళ్తున్నాడు. "రండి మేష్టారూ, ఒక్కసారి సముద్రం మీదికి తీసుకెళ్తాను" అన్నాడు. పాతికేళ్ళు ఆ ఒడ్డున పనిచేసిన మనిషి మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగింది లేదట.

"గాలి ఎలా ఉందంటావు?" అని అడిగారాయన.

అతను తలెత్తి ఆకాశాన్ని నాలుగు వైపులా చూశాడు. "బాగుందండి" అన్నాడు.

మాస్టారు చెప్పులు విప్పి నాకిచ్చారు. పంచె ఎగగట్టుకుని, ఇద్దరు పట్టుకుంటే బోటెక్కి, మధ్య చెక్క మీద కూర్చున్నారు. ఎండగా ఉందని గొడుగు విప్పారు. వద్దండీ, గాలికి లాగేస్తుంది అని ఒడ్డు మీద అందరూ అరిచారు. ఆయనకి వినపడలేదో, వినలేదో. బోటు మొదటి కెరటం ఎక్కి దిగింది. రెండోదాని మీద నిలువునా లేచింది, ఆయన ఒక చేత్తో అంచు గట్టిగా పట్టుకున్నారు, రెండో చేత్తో గొడుగు వదల్లేదు. మూడో కెరటం దాటాక నీళ్ళు నెమ్మదించాయి. అక్కడి నుంచి మనుషులు కంటికి ఆనలేదు. నీళ్ళ మీద ఒక చిన్న నల్ల గొడుగు నిటారుగా నిలబడి, మెల్లగా దూరం జరుగుతూ వెళ్ళింది.